బస్తీ ఖాళీ చేసే ముందు తలుపు మీద నంబరు ఫోటో తీసి పెట్టుకోండి

మీరు అడిగింది ఇది: హైదరాబాద్‌లో మీ బస్తీ కూల్చి అదే జాగాలో డబుల్ బెడ్‌రూం ఇళ్లు కడతామంటున్నారు, ఖాళీ చేయాలా వద్దా? అంతకాలం ఆగలేకపోతే సిటీ బయట ఇచ్చే ఇల్లు తీసుకోవచ్చా? మా ఇంట్లో ఈ రెండూ జరిగాయి. అమ్మానాన్నలకు ఉన్నచోటే ఇల్లు వచ్చింది. చిన్నాన్న వాళ్లకు ఔటర్ రింగు రోడ్డు దగ్గర వచ్చింది. అంతకు ముందు అందరం ఒకే రేకుల ఇంట్లో ఉండేవాళ్లం. కాబట్టి తేడా నాకు బాగా తెలుసు.

నా మాట ఏంటంటే, అదే జాగాలో కడతామంటే ఒప్పుకోండి. కానీ చేతికి కాగితం రాకుండా సామాను బయట పెట్టకండి.

మాది ముప్పై గజాల ఇల్లు. ముందు గదిలో మేము, వెనక గదిలో చిన్నాన్న, చిన్నమ్మ, ఇద్దరు పిల్లలు. రేషన్ కార్డులు వేరు, గ్యాస్ వేరు, తలుపు మాత్రం ఒక్కటే. సర్వేకి వచ్చినవాళ్లు ఆ తలుపు మీద ఎర్ర రంగుతో నంబరు వేసి, ఒకటే కుటుంబం అని రాసుకుని పోయారు. చిన్నమ్మ ఆ టైంలో పనికి పోయింది. తర్వాత చెప్పి రాయించుకుందాంలే అనుకున్నాం. ఎన్నిసార్లు తిరిగినా చిన్నాన్న వాళ్ల పేరు ఆ లిస్టులో ఎక్కలేదు. ఇప్పటికీ నాకు బాధగా ఉండేది అదే.

కూల్చే రోజు నాన్న అన్నిటికంటే ముందు ఆ తలుపు ఊడదీశాడు. నంబరు ఉన్న పలక కోసి గోనెసంచిలో చుట్టి కిరాయి ఇంటికి తెచ్చాడు. ‘ఆ చెక్క ఎందుకయ్యా’ అని అమ్మ తిట్టింది కూడా. ఏడాదిలో ఇస్తామన్న ఇల్లు రావడానికి మూడున్నరేళ్లు పట్టింది. మధ్యలో బిల్లులు రాలేదని పని ఆగిపోయి, పిల్లర్ల మీద ఇనుప చువ్వలు తుప్పు పట్టి కనిపించేవి. మూడు ఇళ్లు మారాం. కిరాయి మొత్తం మా జేబులోంచే. ముంబైలో మురికివాడలు మళ్లీ కట్టేటప్పుడు అంతవరకూ కిరాయి బిల్డరే కట్టాలన్న రూలు ఉంది. మాకు అలాంటిదేమీ లేదు. అందుకని ముందే లెక్క వేసుకోండి, వాళ్లు చెప్పిన గడువుకు రెండింతలు కిరాయి కట్టగలరా అని.

చివరికి లిస్టు పెట్టినప్పుడు నాన్న పేరు పక్కన వేరే నంబరు పడింది. రుజువు ఏదని అడిగారు. పాత తలుపు పక్కన అమ్మ నిలబడి ఉన్న ఫోటో, సర్వే స్లిప్పు, ఆ చెక్క, మూడూ తీసుకెళ్లాం. అలా దిద్దారు.

ఇల్లు ఎలా ఉంటుందని మీకు అనుమానం ఉంటే, 2015లో ఈ పథకం కింద మొదట కట్టిన సికింద్రాబాద్ ఐడీహెచ్ కాలనీకి వెళ్లి చూడండి. 396 ఇళ్లు. పాత ఇళ్లు తీసేసి అక్కడే కట్టారు. మా బస్తీ వాళ్లు కూడా అది చూసి వచ్చాకే సంతకాలు పెట్టారు. పథకం లెక్క ప్రకారం ఒక్కో ఇల్లు 560 చదరపు అడుగులు, రెండు బెడ్‌రూంలు, హాలు, వంటగది, రెండు బాత్‌రూంలు. మా వాటాగా రూపాయి కట్టించుకోలేదు. సిటీ లోపల జాగా తక్కువ కాబట్టి ఇలాంటి కాలనీలు చిన్నగానే ఉంటాయి: సైదాబాద్ పిల్లిగుడిసెల్లో 288 ఇళ్లు, జియాగూడలో 840. అదే ఊరి బయట కొల్లూరులో ఒక్కచోటే 15,660 కట్టారు.

మా బస్తీ లిస్టులో పేరు ఎక్కని చిన్నాన్నకు డ్రాలో ఇల్లు వచ్చింది అలా బయట ఉన్న కాలనీలోనే. ఇల్లు మా దానికంటే బాగుంటుంది, గాలి, వెలుతురు ఎక్కువ. కానీ చిన్నమ్మ మా పాత బస్తీ పక్క వీధిలో నాలుగిళ్లలో వంట చేసేది. పొద్దున అయిదుకే బయల్దేరి రెండు బస్సులు మారాలి. 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్లకు టికెట్ లేదు, అది పెద్ద ఊరటే. కానీ రానూపోనూ నాలుగు గంటలు పోతున్నాయి, అందుకే రెండిళ్లు మానేసింది. చిన్నాన్నది మిర్చిబజ్జీల బండి. కొత్త చోట గిరాకీ లేక బండి తెచ్చి మళ్లీ ఇక్కడే పెట్టాడు. వారంలో అయిదు రాత్రులు మా హాల్లోనే పడుకుంటాడు. ఆ ఇల్లు కిరాయికి ఇచ్చి వచ్చేద్దామంటే రూలు ఒప్పుకోదు. అమ్మకూడదు, కిరాయికి ఇవ్వకూడదు. కాబట్టి ఇంటి ఫోటోలు చూసి నిర్ణయించుకోకండి. ఇంట్లో సంపాదించే ప్రతి ఒక్కరి పని ఎక్కడుందో చూడండి. డ్రైవింగ్, కంపెనీ పనులు అటువైపే ఉన్నవాళ్లకు ఆ కాలనీలు మేలే, కాదనను.

ఇంకో సంగతి లిఫ్టు. మాది తొమ్మిదంతస్తులు. వచ్చిన ఏడాదికే లిఫ్టు చెడిపోయి, ఏడో అంతస్తులో ఉన్న ఒక ముసలమ్మ నలభై రోజులు కిందకు దిగలేదు. పాలు, మందులు మేమే పైకి మోశాం. నెలకు ఇంటికి 200 వేసుకోవడం ఆ తర్వాత మొదలుపెట్టాం. మీరు తాళాలు తీసుకున్న నెలలోనే బ్లాకుకు ఒక కమిటీ పెట్టుకోండి. ముసలివాళ్లున్న ఇంటికి కింది అంతస్తు కావాలని ముందే రాసి ఇవ్వండి.

ఇల్లు, పక్కనే మనిషి, తలుపు మీద నంబరు, మూడూ కనిపించేలా ఈ వారమే ఫోటో తీయండి. కరెంటు బిల్లులు పాతవి పారేయకండి. మీ దగ్గర సర్వే ఇంకా కాకపోతే, వెనక గదిలో ఉన్నవాళ్లను ఆ రోజు పనికి పోనివ్వకండి. రేషన్ కార్డు, గ్యాస్ పుస్తకం చేతిలో పట్టుకుని వాళ్లు కూడా తలుపు ముందే నిలబడాలి.