ఆర్సీ కంపెనీ పేరున, ఖర్చు డ్రైవరు పేరున: లీజు లారీ తీసుకోవచ్చా?

ప్రశ్న: మాది నాయుడుపేట దగ్గర పల్లె. నాకు 40 ఏళ్లు. చెన్నై మాధవరంలో ఉంటూ ఏడేళ్లుగా ఒక ట్రాన్స్‌పోర్టు కంపెనీలో ట్రైలర్ నడుపుతున్నాను. కాట్టుపల్లి, ఎన్నూరు పోర్టుల నుంచి శ్రీసిటీకి కంటైనర్లు తోలుతాను. జీతం 24 వేలు, బత్తా వేరు. ఇప్పుడు రాజీనామా ఇచ్చి, నేను నడిపే బండినే లీజుకు తీసుకోమంటున్నారు. డిపాజిట్ రెండు లక్షలు, నెలకు 48 వేల చొప్పున 36 నెలలు. డీజిల్, టైర్లు, రిపేర్లు, ఇన్సూరెన్స్, ఫైన్లు అన్నీ నావే. లోడ్లు వాళ్లే ఇస్తారు, బయటి లోడు ఎత్తకూడదు. ఆర్సీ కంపెనీ పేరునే ఉంటుంది. మూడేళ్ల తర్వాత బండి నా పేరున మార్చే విషయం ‘పరిశీలిస్తాం’ అని ఇంగ్లీషు కాగితంలో ఉందని మా బావమరిది చదివి చెప్పాడు. ఆరు ఖాళీ చెక్కులు అడిగితే, నమ్మకంకొద్దీ రెండు సంతకం చేసి ఇచ్చాను. లీజు తీసుకోవాలా, డ్రైవరుగానే ఉండిపోవాలా?

జవాబు: మీరు వివరించిన రూపంలో ఆ కాగితం మీద సంతకం చేయకండి. లీజు పద్ధతే చెడ్డదని నేను అనడం లేదు. కానీ ఈ ఒప్పందంలో యజమాని మోయవలసిన బరువంతా మీ మీదికి వస్తోంది, యాజమాన్యం మాత్రం రావడం లేదు. నెలకు 48 వేల చొప్పున 36 నెలలకు మీరు కట్టేది 17,28,000 రూపాయలు. డిపాజిట్ కలిపితే 19,28,000 మీ చేయి దాటుతుంది. అంతా కట్టిన తర్వాత మీకు మిగిలేది ‘పరిశీలిస్తాం’ అన్న ఒక్క మాట. ఆ మాటను పట్టుకొని కోర్టుకు వెళ్లి బండి ఇప్పించమని అడగలేరు; అర్థం నిశ్చయంగా తేలని ఒప్పందం చెల్లదని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 29వ సెక్షన్ చెబుతోంది. ‘ఆఖరి వాయిదా ముట్టిన 30 రోజుల్లోగా కంపెనీ తన ఖర్చుతో ఆర్సీని మార్చి ఇవ్వవలెను’ అని రాసి ఉంటే అది హక్కు అవుతుంది.

తర్వాత చూడవలసినది ఆర్సీ. మోటారు వాహనాల చట్టం, 1988లో 2(30) సెక్షన్ ప్రకారం, లీజు ఒప్పందం కింద బండి ఎవరి స్వాధీనంలో ఉంటే ఆ వ్యక్తి యజమాని కిందికే వస్తాడు. లీజు మీద తీసుకున్న బండిని రిజిస్టరు చేసేటప్పుడు ఆ లీజు సంగతిని ఆర్సీలో నమోదు చేయడానికి 51వ సెక్షన్ వీలు కల్పిస్తోంది. మీ విషయంలో ఆర్సీ కంపెనీ పేరునే ఉంచి, లీజు సంగతిని ఆర్టీఓ ఆఫీసుకు తెలియనివ్వకుండా, మీ ఇద్దరి మధ్య కాగితంగానే దాచిపెట్టే ఏర్పాటు కనిపిస్తోంది. పర్మిట్ కూడా కంపెనీ పేరునే ఉంటుంది. రవాణా అధికారుల అనుమతి లేకుండా పర్మిట్‌ను ఒకరి నుంచి మరొకరికి మార్చడానికి 82వ సెక్షన్ ఒప్పుకోదు. తమిళనాడు దాటి ఆంధ్రలోకి వెళ్లే బండికి నేషనల్ పర్మిట్ ఉండాలి. దాని ఫీజును ఏటేటా ఎవరు కట్టాలో, కంపెనీ కట్టకపోవడం వల్ల బండి ఆగిపోతే ఆ నెల లీజు సొమ్ము మీరు కట్టాలా వద్దా అన్నది కాగితంలో లేకపోతే, కట్టవలసింది మీరేనని వాళ్లు వాదిస్తారు.

ఇప్పుడు అన్నింటికంటే ముఖ్యమైన సంగతికి వస్తాను. నా దగ్గరికి వచ్చే డ్రైవర్లలో నూటికి తొంభైమంది అడగనిదీ ఇదే. రేపు బండి నడుపుతూ మీకే ఏదైనా జరిగితే ఇంట్లోవాళ్లకు ఏమి వస్తుంది? ఈ రోజు మీరు ఉద్యోగి. మీ జీతం 21 వేలు దాటింది కాబట్టి ఈఎస్ఐ పరిధిలోకి రారు. అందువల్ల పనిలో ప్రమాదం జరిగితే యజమాని నుంచి ఉద్యోగి నష్టపరిహారం రావాలి. 1923 నాటి చట్టంలో ఉన్న ఈ హక్కు, 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతిలోనూ కొనసాగింది. పాత చట్టం కింద అమలులో ఉన్న లెక్కనే తీసుకుంటే, జీతం ఎంత ఉన్నా 15 వేలకు పరిమితం చేసి, అందులో సగాన్ని 40 ఏళ్ల వయసుకు నిర్ణయించిన 184.17తో హెచ్చవేస్తే, మరణానికి 13,81,275 రూపాయలు వస్తుంది. బండి ఇన్సూరెన్స్ పాలసీలో జీతం మీద పనిచేసే డ్రైవరుకు సంబంధించిన ఈ బాధ్యత చేరి ఉంటుంది కాబట్టి, మామూలుగా ఆ సొమ్మును ఇన్సూరెన్స్ కంపెనీయే చెల్లిస్తుంది.

లీజు మీద సంతకం చేసిన మరుక్షణం మీరు జీతగాడు కారు. ఒకరి బండిని అడిగి తీసుకొని నడిపే మనిషి యజమాని స్థానంలోకి వస్తాడనీ, కాబట్టి ఆ బండి ఇన్సూరెన్స్ నుంచే థర్డ్ పార్టీగా, అంటే బయటి మనిషిగా, పరిహారం కోరలేడనీ సుప్రీంకోర్టు 2009లో నింగమ్మ కేసులోనూ, 2020లో రామ్‌ఖిలాడీ కేసులోనూ చెప్పింది. అవి అరువు బండ్ల కేసులు. లీజు బండి విషయంలో ఇన్సూరెన్స్ వకీలు అదే వాదనను మరింత గట్టిగా చేస్తాడు. సరే, యజమాని కమ్ డ్రైవరుకు 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా ఉంది కదా అంటారేమో. అది ఆర్సీలో పేరున్న యజమానికి వర్తించేది. ఆర్సీలో ఉన్నది కంపెనీ పేరు. అంటే జీతగాడికి రావలసినదీ రాక, యజమానికి రావలసినదీ రాక, మీ భార్యాపిల్లలు రెంటికీ చెడ్డ రేవడి అవుతారు.

ఎదుటివాళ్లకు ప్రమాదం జరిగితే పరిస్థితి కొంత మెరుగు. లైసెన్సు, ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్), పర్మిట్ సరిగా ఉంటే వాళ్ల పరిహారాన్ని ఇన్సూరెన్స్ కంపెనీ కడుతుంది. వీటిలో లోపం ఉంటే ముందు వాళ్లకు చెల్లించి, తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకొమ్మని ట్రిబ్యునళ్లు చెప్పడం మామూలే. ఆ వసూలు ఆర్సీలో పేరున్న కంపెనీ మీదికి వస్తుంది. ‘ఏ నష్టమైనా లీజుదారుడే భర్తీ చేయవలెను’ అన్న షరతు చూపించి కంపెనీ దాన్ని మీ మీదికి తిప్పుతుంది. ఓవర్‌లోడు ఫైనూ అంతే. మోటారు వాహనాల చట్టం 194వ సెక్షన్ కింద 20 వేలు, ఆపైన ఎక్కువైన ప్రతి టన్నుకూ రెండు వేలు; మూడు టన్నులు ఎక్కువైతే 26 వేలు, సరుకు దింపే ఖర్చు అదనం. పోర్టులో సీలు వేసి ఇచ్చిన కంటైనర్‌లో ఎంత బరువుందో మీరు తెరిచి చూడలేరు. నడిపినవాడితోపాటు నడిపించినవాడికీ చట్టం ఫైను వేస్తుంది కాబట్టి, లోడు కంపెనీ ఇచ్చినప్పుడు ఆ ఫైను కంపెనీదేనని రాయించుకోవడం న్యాయమైన కోరికే.

లోడు వాళ్లది, రూటు వాళ్లది, కిరాయి వాళ్లు నిర్ణయించినదే అయినప్పుడు ఇది పేరుకే లీజు, నిజానికి ఉద్యోగమే కదా అన్న అనుమానం మీకు రావాలి. ఆ వాదన చట్టంలో ఉంది. కాగితం మీద ఎవరి పేరున్నా, పనివాడి బతుకుతెరువు ఎవరి చేతిలో ఉందో వాళ్లే యజమాని అని 1978లో హుస్సేన్‌భాయ్ కేసులో సుప్రీంకోర్టు ముసుగు తొలగించి చూసింది. అయితే ఆ వాదనను సాక్ష్యాలతో నెగ్గించుకోవడానికి ఏళ్లు పడుతుంది, ఈలోగా కిస్తీ ఆగదు. దాని మీద ఆధారపడి సంతకం చేయమని ఏ ప్లీడరూ చెప్పకూడదు.

రాజీనామా విషయంలో మరొక జాగ్రత్త. ఏడేళ్లు పూర్తయ్యాయి కాబట్టి మీకు గ్రాట్యుటీ హక్కు ఉంది. మూలవేతనం, కరువు భత్యం కలిపి 16 వేలనుకుంటే, 16,000ను 15తో హెచ్చించి, 26తో భాగించి, ఏడుతో హెచ్చిస్తే సుమారు 64,615 రూపాయలు వస్తుంది. దీన్ని డిపాజిట్‌లో సర్దుతామంటే ఒప్పుకోకండి. ముందు మీ బ్యాంకు ఖాతాలో పడాలి. పీఎఫ్ పెన్షన్‌కు పదేళ్ల సర్వీసు కావాలి, మీకు మూడేళ్లు తక్కువ. కాబట్టి మానేసినా పెన్షన్ సొమ్మును వెనక్కి తీసుకోకుండా స్కీమ్ సర్టిఫికెట్ (ఇప్పటిదాకా చేసిన సర్వీసును తర్వాతి ఉద్యోగంలో కలుపుకొనే పత్రం) తీసుకోండి. ఉద్యోగంలో ఉండగా మరణిస్తే పీఎఫ్ ద్వారా కుటుంబానికి వచ్చే బీమా, గరిష్ఠంగా ఏడు లక్షలు, రాజీనామాతో పోతుందని కూడా లెక్కలో వేసుకోండి.

ఇంత చెప్పినా సొంతంగా నడపాలన్న పట్టుదల మీకు ఉండవచ్చు, అది తప్పు కాదు. అప్పుడు ఒప్పందంలో కనీసం ఈ మార్పులు అడగండి: చివర్లో బండి మీ పేరున మార్చే కచ్చితమైన షరతు, నెలకు ఇన్ని ట్రిప్పులు ఇస్తామన్న హామీ, అవి ఇవ్వని నెలలో లీజు సొమ్ములో తగ్గింపు, బండి ఇంజను, గేర్‌బాక్సు వంటి పెద్ద రిపేర్లలో కంపెనీ వాటా, మధ్యలో మానుకుంటే డిపాజిట్ ఎంత తిరిగి వస్తుందన్నది అంకెల్లో. డిపాజిట్ మొత్తం జప్తు అన్న షరతు ఉన్నా, కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం కోర్టు సహేతుకమైన పరిహారం వరకే అనుమతిస్తుంది. అయినా కోర్టుదాకా పోకుండా ఉండటమే మీకు లాభం. తగాదా వస్తే తీర్పు చెప్పే మధ్యవర్తిని (ఆర్బిట్రేటరును) కంపెనీ ఒక్కటే నియమిస్తుందన్న వాక్యం ఉంటే కొట్టివేయించండి, 2019 నుంచి సుప్రీంకోర్టు దాన్ని ఒప్పుకోవడం లేదు. మీ పేరున విడిగా ఒక వ్యక్తిగత ప్రమాద పాలసీ తీసుకున్న తర్వాతే స్టీరింగు పట్టండి. ఇంగ్లీషు తెలియదు కాబట్టి ఎవరు తెలుగులో చదివి వివరించారో ఆ మనిషి పేరు, సంతకం చివరి పేజీలో ఉండాలి. ఇవేవీ కంపెనీ ఒప్పుకోకపోతే డ్రైవరుగానే ఉండండి. డబ్బు కూడిన రోజున బ్యాంకు అప్పుతో పాత బండి కొన్నా ఆర్సీ మీ పేరున ఉంటుంది, అప్పు సంగతి దాని మీద నమోదవుతుంది. కిస్తీ భారం అప్పుడూ ఉంటుంది కానీ తీరిన రోజున బండి మీది.

ఇక ఇచ్చేసిన రెండు చెక్కులు. ఖాళీ చెక్కు మీద సంతకం మీదే అయితే, అప్పు కిందే ఇచ్చారని కోర్టు మొదట భావిస్తుంది. కాదని నిరూపించే భారం మీ మీద పడుతుందని 2019లో బీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. బ్యాంకుకు స్టాప్ పేమెంట్ ఇచ్చినంత మాత్రాన చెక్కు బౌన్సును నేరంగా చూసే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ నుంచి తప్పించుకోలేరు. అందుకని ఈ వారంలోనే కంపెనీకి తెలుగులోనో తమిళంలోనో ఒక ఉత్తరం రాయండి: ఫలానా నంబర్ల చెక్కులను ప్రతిపాదిత లీజుకు హామీగా మాత్రమే ఇచ్చాననీ, ఒప్పందం కుదరలేదనీ, ఏ బాకీ లేదనీ, వాటిని వాపసు చేయవలసిందనీ రాయండి. స్పీడ్ పోస్టులో పంపి, రసీదును, ఉత్తరం నకలును చెక్కుబుక్కు అడుగుముక్కలతోపాటు భద్రపరచండి. ఒకవేళ చెక్కు బౌన్సయిందని లాయరు నోటీసు వస్తే, లారీ మీద ఉన్నా సరే, అందిన 15 రోజుల్లోగా జవాబు పంపించాలి; ఆ రోజు ఈ ఉత్తరం నకలే మీకు మొదటి సాక్ష్యం.