మస్కట్ నవల రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నువ్వు పంపిన ఆరు అధ్యాయాలూ రెండుసార్లు చదివాను. మీ నాన్న పద్నాలుగేళ్లు గడిపి వచ్చిన చోటు గురించి రాయాలని కూర్చున్నావు, అది నాకు చాలా సంతోషం. ఫోన్ కార్డు వెనక గీకి, వెలుతురుకు పట్టుకుని ఒక్కో అంకే నొక్కే సీన్ దగ్గర కాసేపు చదవలేకపోయాను. కానీ ఒక మాట సూటిగా చెప్పాలి. నీ నవలలో దేశం లేదు, ‘ఎడారి’ అనే మాట మాత్రమే ఉంది. మీ నాన్న అక్కడికి కాకుండా కువైట్ వెళ్లినా, దుబాయ్ వెళ్లినా ఒక్క వాక్యం కూడా మార్చక్కర్లేదు. ఇబ్బంది అక్కడే.

నీ హీరో ఒమన్ రాజధాని మస్కట్‌లో దిగగానే ఇసుక తిన్నెలు చూస్తాడని రాశావు. మస్కట్‌లో దిగినవాడి కళ్లకు ముందు ఆనేవి కొండలు. గడ్డిపరక లేని, ముదురు గోధుమ రంగు రాతి కొండలు, ఇళ్ల వెనకాలే గోడ కట్టినట్టు నిలబడి ఉంటాయి. ఆ రాయి ఒకప్పుడు సముద్రం అడుగున ఉండేది, భూమి లోపలి కదలికలకు పైకి నెట్టుకొచ్చింది. దాన్ని చూడ్డానికే భూగర్భ శాస్త్రవేత్తలు ఎక్కడెక్కడి నుంచో వస్తారు. ఆ రాళ్లలోనే రాగి ఉంది. నాలుగు వేల ఏళ్ల కిందట మెసొపొటేమియా వాళ్లు ‘మగన్’ దేశం నుంచి రాగి వచ్చిందని మట్టి పలకల మీద రాసుకున్నది ఈ నేల గురించేనని పండితులు అంటారు. తూర్పు కొసన రాస్ అల్ జింజ్ తవ్వకాల్లో మన హరప్పా కుండలు దొరికాయి. అంటే మనవాళ్ల రాకపోకలు నీ హీరో వీసాతో మొదలు కాలేదు.

ముందు పటం గీయి. ఫోన్‌లో చూడటం కాదు, తెల్ల కాగితం మీద చేత్తో గీయి. ఉత్తరాన ముసందం నుంచి తూర్పున రాస్ అల్ హద్ దాకా విల్లులా వంగిన హజర్ కొండలు వెయ్యి. అందులో జెబెల్ షమ్స్ ఎత్తు దాదాపు 3,000 మీటర్లు. కొండలకూ సముద్రానికీ మధ్య ఉన్న మైదానం పేరు బాతినా, అంటే పొట్ట. కొండల అవతలి వైపు దాహిరా, అంటే వీపు. అక్కడి జనం తమ నేలను ఒక మనిషి ఒళ్లులాగా చూసి పేర్లు పెట్టుకున్నారు, వెన్నెముక కొండలే. ఆ వీపు కూడా దాటాకే నువ్వు రాసిన ఇసుక సముద్రం, రుబ్ అల్ ఖాలీ, మొదలవుతుంది.

ఇప్పుడు ఆ పటం మీద నీళ్లు వెతుకు. ఏ దేశం గురించి రాయాలన్నా నేను మొదట అడిగేది ఇదే, ఇక్కడి మనిషికి నీళ్లు ఎక్కడివి? ఒమన్‌లో దానికి జవాబు ఫలజ్. కొండ మొదట్లో లోతుగా బావి తవ్వి, అక్కడి నుంచి ఊరి దాకా భూమి లోపలే సొరంగం తొలిచి, కొద్దిపాటి వాలు మీద నీళ్లు వాటంతట అవే నడిచి వచ్చేలా చేశారు. మోటారు లేదు, మోట లేదు. ఇంకొన్ని ఫలజ్‌లు ఊట నుంచి, వాగు నుంచి కూడా వస్తాయి. ఇప్పటికీ మూడు వేల దాకా పారుతున్నాయి. 2006లో యునెస్కో ఐదింటిని వారసత్వ సంపదగా గుర్తించింది, నిజ్వాలోని ఫలజ్ దారిస్ అందులో ఒకటి. దావూద్ కొడుకు సులేమాన్ ప్రవక్త జిన్నుల చేత పది రోజుల్లో పది వేల కాలువలు తవ్వించాడని అక్కడ కథ చెప్పుకుంటారు.

మా ఊరి మనిషి ఒకాయన నిజ్వా దగ్గర ఖర్జూర తోటలో తొమ్మిదేళ్లు పనిచేశాడు. నీళ్ల వంతు రాత్రి పడితే టార్చి పట్టుకుని వెళ్లేవాడట. పిల్లకాలువ మూతికి రాయి అడ్డం పెట్టి, సందుల్లో పాత గుడ్డలు కుక్కి ఉంటాయి. ఆ గుడ్డలు లాగి రాయి జరిపితే నీళ్లు చెట్ల పాదుల్లోకి చల్లగా పాకేవి, టైము కాగానే మళ్లీ మూసెయ్యాలి. “ఒక్క నిమిషం ఎక్కువ పారినా పక్క తోటాయన ఊరుకోడన్నా, అచ్చం మన చెరువు కింద లాగానే” అన్నాడు. ఆయన చేతికి వాచీ ఉంది గానీ, అంతకు ముందు తరాల వాళ్లు పగలు నీడ కొలిచి, రాత్రి చుక్కలు చూసి వంతులు తేల్చుకునేవాళ్లు. ఒక వంతు కొలత పేరు అథర్, సుమారు అరగంట. ముందు తాగే నీళ్లు, ఆ తర్వాతే తోటలు. లెక్క చూసే పెద్దమనిషి ఉంటాడు, మన నీరటికాడి లాంటివాడు. నీ హీరో కూడా కాలువ కింద పుట్టినవాడే కదా, ఆ తోటలో ఒక్క రాత్రి నిలబెడితే అతనికి అన్నీ అర్థమవుతాయి, నువ్వు వివరించాల్సిన పని ఉండదు.

చరిత్రను కూడా ఈ పటం మీదే పెట్టి చదువు, తేదీలు బట్టీ పట్టకు. మన కరీంనగర్, జగిత్యాల వైపు ఒమన్ మొత్తాన్నీ ‘మస్కట్’ అనే అంటారు. కానీ 1970 దాకా ఆ రాజ్యం పేరే ‘మస్కట్ అండ్ ఒమన్’. తీరంలో సుల్తాను, కొండల లోపల నిజ్వా కేంద్రంగా ఇమాములు, అంటే ఇస్లాంలోని ఇబాదీ శాఖ మతపెద్దలు, పాలకులు కూడా వాళ్లే. సముద్రం వైపు చూసే ఊళ్లూ ఫలజ్ చుట్టూ బతికే ఊళ్లూ వేర్వేరు లోకాలుగా నడిచాయి. 1507లో పోర్చుగీసు వాళ్లు మస్కట్‌ను తగలబెట్టి పట్టుకుంటే, 1650లో వాళ్లను వెళ్లగొట్టింది లోపలి నుంచి వచ్చిన ఇమాము. 1920లో ఆ రెండు పక్షాల మధ్య కుదిరిన సీబ్ ఒప్పందంతో లోపలి ప్రాంతం దాదాపు సొంతంగా ఉంది, 1950లలో యుద్ధం జరిగి, బ్రిటిష్ వాళ్ల సాయంతో సుల్తాను 1959కల్లా ఆ కొండలను లోబరుచుకున్నాడు. నీ నవలలోని ముసలి డ్రైవర్ ఆ యుద్ధాన్ని చిన్నప్పుడు చూసి ఉండొచ్చు. 1970లో సుల్తాను కొడుకు ఖాబూస్ తండ్రిని దించి గద్దె ఎక్కేనాటికి దేశంలో ఉన్నవి మూడే బడులు. మీ నాన్న లాంటి వాళ్లు రోడ్లు వేసిన దేశం ఆ తర్వాతిది.

ఇక సముద్రం. 19వ శతాబ్దంలో ఒమన్ పాలకుడు సయ్యిద్ సయీద్ బిన్ సుల్తాన్ తన రాజధానిని తూర్పు ఆఫ్రికా తీరంలోని జాంజిబార్ దీవికి మార్చుకున్నాడు, లవంగ తోటలు వేయించాడు. ఆ తోటల్లో బానిసలు పనిచేశారు, ఇది రాయకుండా దాటెయ్యకు. ఆయన పోయాక కొడుకుల మధ్య తగువు వస్తే 1861లో తీర్పు చెప్పింది మన కలకత్తాలో కూర్చున్న వైస్రాయి కానింగ్. 1964లో జాంజిబార్‌లో తిరుగుబాటు జరిగి అరబ్బులు వెళ్లిపోవలసి వచ్చింది, వాళ్లలో చాలామంది ఒమన్ చేరారు, అందుకే మస్కట్ ఇళ్లల్లో ఇవాళ్టికీ అక్కడి భాష స్వాహిలి వినిపిస్తుంది. 1970 దాకా మస్కట్ బజారులో చెల్లింది రూపాయి. మీ నాన్న లెక్కపెట్టుకున్న బైసా ఉందే, రియాల్‌కు వెయ్యి, అది మన పైసాయే. ఈ ఒక్క మాట చాలు ఒక అధ్యాయానికి.

దక్షిణాన సలాలా గురించి నీ కథలో లేదు కాబట్టి ఎక్కువ చెప్పను. మన దగ్గర వానలు పడే జూన్ నుంచి సెప్టెంబరు దాకా అదే గాలి అక్కడి కొండలను పచ్చగా చేస్తుందనీ, ఆ కొండల వెనక ఎండిన నేలలోనే సాంబ్రాణి చెట్లు పెరుగుతాయనీ గుర్తుంచుకో.

నాన్నను ‘అక్కడ ఎట్లుండె?’ అని అడగకు, ‘కష్టంగనే ఉండె’ అని ఊరుకుంటాడు. మస్కట్ నుంచి నిజ్వా వెళ్లే దారిలో ఊళ్లు వరసగా చెప్పమను. ఫంజా, బిద్‌బిద్, సుమాయిల్, ఇజ్కీ, బిర్కత్ అల్ మౌజ్. చివరి పేరుకు అర్థం అరటి కోనేరు, అరటి తోటలు చూశాడో లేదో అడుగు. 2007 జూన్‌లో గోను తుపాను వచ్చినప్పుడు ఎక్కడున్నాడో, ఎండిన వాది, అంటే వాగు, ఎంతసేపట్లో నిండిందో అడుగు. ఆయన చెప్తుంటే ఆపకు, రాసుకో.

ఇంకొకటి. నీ నవలలో కఫీల్‌కు, అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమానికి, పేరు ఉంది గానీ ఊరు లేదు. ఆయనది తీరమా, కొండా, ఆయన తల్లి జాంజిబార్ నుంచి వచ్చిందా, వాళ్ల తోటకు ఏ ఫలజ్ నీళ్లు? నీ హీరో పాస్‌పోర్టు లాక్కున్నవాడే కావచ్చు, అయినా ఇవి నీకు తెలిసి తీరాలి. వచ్చే ఉత్తరంలో ముందు ఆ ఊరి పేరు రాయి, పటం కూడా జత చెయ్యి, ఏడో అధ్యాయం తర్వాత చూద్దాం.

మీ అన్న