సిక్ రూమ్ తాళంచెవి ఎవరి దగ్గర ఉంది?

మల్కాజిగిరి, హైదరాబాద్

చిరంజీవి సౌభాగ్యవతి వాణికి పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. బడిలో చేరిన మూడో వారానికే సిక్ రూమ్ బాధ్యత నీ మీద పెట్టారనీ, నర్సు వారానికి రెండు రోజులే వస్తుందనీ, మిగిలిన రోజుల్లో ఏం చేయాలో తోచడం లేదనీ మొన్న ఫోనులో అన్నావు. పాఠాలు చెబుతూనే ఆ పని ముప్పై ఏళ్లు చూసినదాన్ని కనుక, కుదురుగా కూర్చుని రాస్తున్నాను.

ముందు నా తప్పు చెబుతాను. ఏడో తరగతి పిల్లవాడికి ఉబ్బసం ఉందని తల్లి ఇన్‌హేలరు తెచ్చి నా చేతికిస్తే, భద్రంగా ఉంటుందని దాన్ని ఆఫీసు బీరువాలో పెట్టించి తాళం వేయించాను. ఒకనాడు ఆటల పీరియడులో వాడికి ఆయాసం వచ్చింది. తాళంచెవి గుమాస్తా జేబులో ఉంది, ఆయన ఫీజుల డబ్బు కట్టడానికి బ్యాంకుకు వెళ్లాడు. పిల్లవాడు మెట్ల మీద ముందుకు వంగి, రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి, "టీచర్... నా... మందు" అని మాట మాటకీ ఆగుతున్నాడు. ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల సందుల్లో చర్మం లోపలికి పోతోంది. గుమాస్తా తిరిగి వచ్చేసరికి పదకొండు నిమిషాలు పట్టింది. వాడు గట్టెక్కాడు గానీ, ఆ పదకొండు నిమిషాలు నాకు ఇప్పటికీ గుర్తే.

కాబట్టి నీ గదిలో ఉన్న మందులను ముందు రెండు భాగాలు చెయ్యి. మాత్రలు, సిరప్‌లు తాళం లోపల ఉండాలి. ఇన్‌హేలరు, గ్లూకోజు, ఫిట్స్ వస్తే ముక్కులో కొట్టే స్ప్రే వంటివి తాళం లేని చోట, చిన్నపిల్లలకు అందనంత ఎత్తులో, పెద్దవాళ్లందరికీ తెలిసేలా ఉండాలి. సొంతంగా వాడుకోగల పెద్ద పిల్లలైతే, తల్లిదండ్రులూ డాక్టరూ ఒప్పుకున్నాక, ఇన్‌హేలరు వాళ్ల దగ్గరే ఉండనిచ్చి, రెండోది నీ దగ్గర పెట్టుకో.

మన ఊళ్లో ఉబ్బసం పిల్లలకు కొదవ లేదు. దాడి వచ్చినప్పుడు వాడేది సాధారణంగా సాల్బ్యుటమాల్ ఇన్‌హేలరు. పిల్లవాణ్ణి పడుకోబెట్టకుండా కూర్చోబెట్టి, ఇన్‌హేలరును బాగా ఊపి, స్పేసరు అనే ప్లాస్టిక్ గొట్టానికి తగిలించి ఒక్క పఫ్ కొట్టి, అయిదారు శ్వాసలు తీయించి, మళ్లీ ఊపి రెండోది కొట్టాలి. ఎన్ని పఫ్‌లన్నది డాక్టరు రాసిన కాగితం చెబుతుంది. పూర్తి వాక్యం మాట్లాడలేకపోతున్నా, పెదవులు నీలంగా మారుతున్నా అంబులెన్సుకు ఫోను చేయించి, అది వచ్చేదాకా మందు ఇస్తూనే ఉండు. పిల్లికూతలు తగ్గాయని సంబరపడకు, గాలి బొత్తిగా ఆడకపోయినా కూత వినబడదు. ఇన్‌హేలరును ఊపితే లోపల ఏదో కదులుతుంది కదా, అది మందే అనుకోవడం కూడా పొరపాటు. సాధారణంగా 200 పఫ్‌లు ఉండే ఆ డబ్బాలో మందు అయిపోయాక కూడా వాయువు మిగిలి ఉంటుంది. అంకెలు చూపించని రకమైతే వాడిన పఫ్‌లు ఒక చీటీ మీద గీతలు పెట్టుకో.

మృగశిర కార్తె నాడు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో చేప ప్రసాదం తీసుకుని, ఇక ఇన్‌హేలరు అక్కర్లేదని పిల్లవాణ్ణి బడికి పంపే ఇళ్లు నేను చూశాను. బడులు తెరిచేదీ అప్పుడే. ఎవరి నమ్మకం వారిది, దాని మీద నేను ఏనాడూ వాదించలేదు; ఇన్‌హేలరును మాత్రం సంచిలోంచి తీయవద్దని బతిమాలేదాన్ని.

ప్రతి పిల్లవాడికీ ఒక్క కాగితం చాలు: ఫోటో, బరువు, జబ్బు పేరు, మందు పేరు, మోతాదు, ఏ లక్షణం కనబడితే ఏం చేయాలి, డాక్టరు సంతకం, తల్లిదండ్రుల ఫోను నంబర్లు, వాటితో పాటు ఇంకొకరి నంబరు. పిల్లలు ఎదుగుతారు కనుక ప్రతి జూన్‌లో కొత్తది రాయించు. జ్వరానికి ఇచ్చే పారాసిటమాల్ సిరప్ అయిదు మిల్లీలీటర్లకు 120 లేక 125 మిల్లీగ్రాములది ఒకటి, 250ది ఒకటి దొరుకుతాయి. "ఒక చెంచా ఇవ్వండి" అని డైరీలో రాసి పంపితే ఏ సీసా చెంచానో నీకెలా తెలుస్తుంది? మిల్లీగ్రాములు రాస్తేనే తీసుకో. టీచర్లు తమ హ్యాండ్‌బ్యాగులోంచి మాత్ర తీసి పిల్లలకు ఇవ్వడం ప్రేమతోనే చేస్తారు, అయినా ఒప్పుకోకు. పన్నెండేళ్లలోపు పిల్లలకు నిమెసులైడ్ ఇవ్వడాన్ని మన దేశంలో 2011లోనే నిషేధించారు, ఆస్పిరిన్ కూడా పిల్లలకు తగదు.

టైప్ వన్ డయాబెటిస్ ఉన్న పిల్లకు చెమటలు పట్టి, చేతులు వణికి, ఉన్నట్టుండి చిరాకు పడుతోందంటే షుగర్ పడిపోతోందని అనుమానించు. వేలి నెత్తురు పరీక్షలో అది డెసిలీటరుకు 70 మిల్లీగ్రాముల కంటే తగ్గితే, పిల్ల స్పృహలో ఉంటే, 15 గ్రాముల గ్లూకోజు లేదా మూడు చిన్న చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, పదిహేను నిమిషాలకు మళ్లీ పరీక్షించాలి. స్పృహ లేకపోతే నోట్లో చుక్క కూడా పోయకూడదు. అలాంటి పిల్లను "సిక్ రూమ్‌కు వెళ్లు" అని ఒంటరిగా పంపవద్దని తరగతి టీచర్లందరికీ చెప్పు, దారిలో మెట్లున్నాయి. బోర్డు పరీక్ష హాల్లోకి వీళ్లు తినుబండారాలు తెచ్చుకోవడానికి సీబీఎస్ఈ 2017లోనే అనుమతించింది కాబట్టి, మీ యూనిట్ టెస్టుల్లో అడ్డుచెప్పే ఇన్విజిలేటరుకు ఆ మాట గుర్తుచేయవచ్చు.

ఫిట్స్ వచ్చినప్పుడు నువ్వు పోరాడవలసింది జబ్బుతో కంటే చుట్టూ మూగిన వాళ్లతోనే. ఒకరు తాళాల గుత్తి చేతిలో పెడతారు, ఒకరు ఉల్లిపాయ కోసి ముక్కు దగ్గర పెడతారు, ఇంకొకరు నోట్లో చెంచా పెట్టబోతారు. ఇవేవీ చేయనివ్వకుండా, తల కింద మెత్తగా ఏదైనా పెట్టి, కుదుపులు తగ్గగానే పక్కకు తిప్పి పడుకోబెట్టి, మొదటి క్షణం నుంచీ గడియారం చూడు. అయిదు నిమిషాలు దాటితే 108. అసలు చిక్కు వేరే ఉంది: ఆడపిల్లకు మూర్ఛ ఉందని బయటపడితే రేపు సంబంధాలు రావని దాచే తల్లులు మన వాళ్లలో ఇప్పటికీ ఉన్నారు. సభలో అడిగితే చెప్పరు. నేను ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి, కాగితం ఎవరెవరు చూస్తారో పేర్లతో సహా చెప్పాకే వాళ్ల నోరు పెగిలేది.

108 సేవ మన హైదరాబాద్‌లోనే 2005 ఆగస్టు 15న మొదలైంది, నంబరు అందరికీ నోటికి వస్తుంది. కానీ మీ బడికి రెండు గేట్లున్నాయన్నావు. అంబులెన్సు ఏ గేటుకు రావాలో, దగ్గరి గుర్తు ఏమిటో రాసి ఫోను పక్కన అంటించు. ఫోను చేసేవారు ఒకరు, గేటు దగ్గర నిలబడేవారు ఒకరు, పిల్లవాడి కాగితం పట్టుకుని వెంట వెళ్లేవారు ఒకరు అని ముందే నిర్ణయించి, టర్ముకు ఒకసారైనా అందరిచేతా ఉత్తుత్తిగా చేయించి చూడు. ఆయమ్మలను, బస్సు డ్రైవర్లను మరిచిపోకు. ఒంటిపూట బడుల ఎండల్లో ఆగి ఉన్న బస్సులో మందుల డబ్బా వదిలేస్తే మందు పాడవుతుందని వాళ్లకు ఎవరూ చెప్పి ఉండరు.

ఆదివారం మీ పెదనాన్న కూకట్‌పల్లి వైపు వస్తున్నారు. నా పాత రిజిస్టరులో పిల్లల పేర్లున్న పేజీలు చించేసి, గడులు గీసిన ఖాళీ పేజీలు పంపిస్తున్నాను. ఈలోగా రేపు మైదానం చివరి నుంచి సిక్ రూమ్ దాకా ఒకసారి నడిచి, ఎన్ని నిమిషాలు పట్టిందో, తాళంచెవి ఎవరి దగ్గర ఉందో చూసి సాయంత్రం నాకు ఫోను చెయ్యి.

ఆశీస్సులతో,
పెద్దమ్మ