పేరు పడే ఆ రెండు సెకన్లు

చిన్నీకి, మామయ్య ఆశీస్సులు.

నీకిష్టమైన షోలు రాసిన వాళ్ల గురించి వ్యాసాలు మొదలుపెడుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఎంత సంతోషమేసిందో! నటుల గురించి రాసేవాళ్లు కోకొల్లలు. ఆ మాటల్ని వాళ్ల నోట పెట్టిన మనిషిని తలుచుకునేవాళ్లు ఎక్కడో ఒకరు. కానీ ఫోన్ పెట్టేశాక భయం పట్టుకుంది. ఒకరి కష్టాన్ని పొరపాటున ఇంకొకరి ఖాతాలో వేస్తావేమోనని. నీ ఉత్సాహం నాకు తెలుసు కదా, అందుకే ఈ ఉత్తరం.

'స్కిప్ ఇంట్రో' నొక్కకు. తర్వాతి ఎపిసోడ్ దానంతటదే మొదలవకుండా సెట్టింగుల్లో ఆపెయ్యి. రచయిత పేరు తెరమీద ఉండేది రెండు మూడు సెకన్లే. అమెరికన్ డ్రామాల్లో సాధారణంగా దర్శకుడి పేరుకు సరిగ్గా ముందు పడుతుంది, చాలాసార్లు టైటిల్స్ అయిపోయి మొదటి సీను నడుస్తుండగానే. అక్కడ పాజ్ చేసి, ఉన్నది ఉన్నట్టు నోటుబుక్కులో ఎక్కించు. 'రిటెన్ బై' అంటే కథా, స్క్రిప్టూ రెండూ వాళ్లవే. 'స్టోరీ బై', 'టెలీప్లే బై' అని విడిగా వేస్తే కథ అల్లిందొకరు, దాన్ని సీన్లుగా, డైలాగులుగా రాసిందొకరు. రెండు పేర్ల మధ్య అండ్ గుర్తు (&) ఉంటే జంటగా రాశారని. అదే 'అండ్' అని అక్షరాల్లో ఉంటే ఎవరి పని వారు విడిగా చేశారని. మన సీరియళ్లలో కథ, స్క్రీన్‌ప్లే, మాటలు వేరువేరుగా వేస్తారు, మూడూ మూడు పేర్లు కావచ్చు. డైలాగు నచ్చిందని కథ రాసినాయన్ని పొగిడితే ఎలా?

ఇంతవరకూ తేలికే. నా అసలు భయం దగ్గరికి వస్తాను.

'ట్విలైట్ జోన్' అనే అమెరికన్ టీవీ షో పాత సిరీస్‌లో 'లివింగ్ డాల్' అనే ఎపిసోడ్ ఉంది, 1963 నవంబరు 1న వచ్చింది. టీనా అనే మాట్లాడే బొమ్మ, దాన్ని చూస్తేనే గిట్టని సవతి తండ్రి. తెరమీద పేరు చార్లెస్ బ్యూమాంట్. ఇక మనలాంటి అభిమాని ఏం చేస్తాడు? ఆయన రాసిన మిగతా ఎపిసోడ్లు పక్కన పెట్టుకుని, 'మామూలు ఇంట్లోకి భయాన్ని ఇలా తీసుకురావడం బ్యూమాంట్‌కే చెల్లింది' అని పేరా మీద పేరా రాసేస్తాడు. వాక్యాలు అందంగానే ఉంటాయి. కానీ ఆ స్క్రిప్టు రాసింది జెర్రీ సోల్. అప్పటికి బ్యూమాంట్ జబ్బుపడ్డాడు. ముప్పైల్లోనే ముసలితనం ముంచుకొచ్చినట్టయి, జ్ఞాపకశక్తి పోయి, రాయలేని స్థితి. వస్తున్న పని ఆగకూడదని స్నేహితులు ఆయన పేరు మీదే రాసిచ్చారు. 'ద న్యూ ఎగ్జిబిట్', 'క్వీన్ ఆఫ్ ద నైల్' కూడా సోల్ చేతివే. బ్యూమాంట్ 1967లో పోయాడు, ముప్పై ఎనిమిదేళ్లకి.

చూశావా? పాజ్ చేసి, అక్షరం పొల్లుపోకుండా రాసుకున్నా తప్పే అయ్యేది. ఆ తప్పు ఇద్దరికీ తగులుతుంది. సోల్‌కి రావాల్సిన మాట రాదు. బ్యూమాంట్ నిజంగా తన చేత్తో రాసినవాటిలో ఏముందో నీకు కనపడకుండా పోతుంది. పైగా స్నేహితుడి కోసం తన పేరు వదులుకున్న మనిషి కథే నీ వ్యాసంలోంచి జారిపోతుంది. అంతకన్నా నష్టం ఏముంటుంది చెప్పు? అందుకని 'ఇది ఫలానావారి శైలి' అని రాసే ముందు ఆ రచయితల ఇంటర్వ్యూలు, వాళ్లతో పనిచేసినవాళ్ల జ్ఞాపకాలు కనీసం రెండు మూడు చోట్ల చూడు. ఏమీ దొరకలేదా, 'ఈ ఎపిసోడ్ మీద ఉన్న పేరు ఫలానా' అని రాసి ఊరుకో. అందులో చిన్నతనం ఏమీ లేదు.

షోరన్నర్ అంటే షో మొత్తాన్ని నడిపించే ప్రధాన రచయిత. ఆయన సంగతి కూడా ఇలాంటిదే. రచయితలంతా ఒక గదిలో కూర్చుని కథను సీను సీనుగా విడగొట్టి కార్డుల మీద రాసి గోడకి గుచ్చుతారు. ఆ తర్వాత ఒకరు ఇంటికెళ్లి స్క్రిప్టు రాస్తారు. చివర్లో షోరన్నర్ తన చెయ్యి వేస్తాడు, చాలాసార్లు పేరు లేకుండానే. కాబట్టి అంతా షోరన్నరే అనకు, ఆయనకేం సంబంధం లేదనీ అనకు.

మరి ఒక రచయిత చెయ్యి ఎలా పట్టుకోవాలంటావా? ఒకే షోలో ఒకే రచయితవి రెండు ఎపిసోడ్లు, మధ్యలో వేరేవాళ్లది ఒకటి తీసుకో. ఒక్కోటి మూడుసార్లు చూడు. మొదట ఊరికే చూడు. రెండోసారి ప్రతి సీనూ ఎన్ని నిమిషాలుంది, ఎవరికి ఏం కావాలి, సీను ఏ మాట మీద తెగింది రాసుకో. మూడోసారి కళ్లు మూసుకుని మాటలే విను. 'బ్రేకింగ్ బ్యాడ్' అనే అమెరికన్ డ్రామాలో 'ఓజిమాండియాస్' అనే ఎపిసోడ్ (2013) మోయిరా వాలీ-బెకెట్ ఒక్కరి పేరు మీదే ఉంది, మరుసటి ఏడాది రచనకి ఎమ్మీ (అమెరికా టీవీ అవార్డు) వచ్చింది. మొదట్లో కథానాయకుడు వాల్ట్ ఎడారిలోంచి భార్యకి ఫోన్ చేసి అబద్ధం చెబుతాడు. చివర్లో ఇంకో ఫోన్, ఇంకో అబద్ధం, నోటికొచ్చినట్టు తిడతాడు. పోలీసులు వింటున్నారని తెలిసే తిడతాడు, ఆమె మీదికి నేరం రాకుండా. మొదటి అబద్ధం తనని దాచుకోడానికి, రెండోది ఆమెని కాయడానికి. ఇలాంటిది పట్టుకున్నావంటే వ్యాసానికి వెన్నెముక దొరికినట్టే. ఆ తర్వాత మోయిరా సామ్ కాట్లిన్‌తో కలిసి అదే షోకి రాసిన 'ఫ్లై' (2010) చూడు. ఇద్దరు మనుషులు, ఒక ల్యాబు, ఒక ఈగ.

తేదీలు మర్చిపోకు. ఆ షో మొదటి సీజన్ ఏడు ఎపిసోడ్లకే ఆగిందంటే కారణం 2007-08 రచయితల సమ్మె. 'ఎంత పొదుపుగా ముగించారో' అని మురిసిపోయేవు!

మన దగ్గరిది కూడా ఒకటి పెట్టుకో తల్లీ. 1988లో మొదలైన బి.ఆర్. చోప్రా 'మహాభారత్'లో భీష్ముడి ముఖం అందరికీ గుర్తే, పితాశ్రీ, భ్రాతాశ్రీ అన్న పిలుపులూ గుర్తే. ఆ తొంభై నాలుగు ఎపిసోడ్లకి మాటలు రాసిన రాహీ మాసూమ్ రజా పేరు ఎంతమందికి గుర్తుంది? ఆయన మీద నువ్వు రాస్తే చదవాలని ఉంది.

రాత్రిళ్లు మేలుకుని చూడకు, కళ్లు పాడవుతాయి. మొదటి వ్యాసం అవగానే నాకు పంపు. పేర్లు రాసుకున్న నోటుబుక్కు పేజీ ఫోటో కూడా పెట్టు, ముందు అదే చూస్తాను.

మామయ్య