పక్కకి ఒత్తిగిలితే కళ్ళు తిరగడం: కుడి చెవికి ఎప్లీ పద్ధతి

మీ అమ్మగారు కుడివైపు ఒత్తిగిలితే గది గిర్రున తిరిగి, అర నిమిషంలో సర్దుకుంటోందని, మాత్రలతో గుణం లేదని రాశారు. లోపలి చెవిలోని సున్నపు రేణువులు నాళంలోకి జారితే సాధారణంగా ఇలాగే ఉంటుంది. మాత్ర రేణువుని కదపలేదు, పైగా పెద్దవాళ్ళని తూలేలా చేస్తుంది.

తలని వరసగా తిప్పుతూ ఆ రేణువులని నాళంలోంచి బయటికి జార్చేదే ఎప్లీ పద్ధతి. ముందు ఈఎన్‌టీ డాక్టరుతో ఏ చెవో తేల్చుకోండి. కుడి చెవైతే: భుజాల కిందికి వచ్చేలా దిండు పెట్టి, కాళ్ళు చాపి కూర్చోబెట్టండి. తల 45 డిగ్రీలు కుడికి తిప్పి, అలాగే వెల్లకిలా పడుకోబెట్టండి. తల కాస్త వెనక్కి వాలాలి. కనుగుడ్లు గబగబా కదులుతాయి, భయపడకండి. తిరగడం ఆగాక ఇంకో 30 సెకన్లు ఉంచండి. తల ఎత్తకుండా 90 డిగ్రీలు ఎడమకి, 30 సెకన్లు. ఎడమ పక్కకి ఒత్తిగిలి ముఖం నేలవైపు, మరో 30 సెకన్లు. ఆ పక్క నుంచే మెల్లగా లేపండి, వెంటనే నిలబెట్టొద్దు.

చాలామంది మధ్యలో తల ఎత్తేస్తారు. రేణువు వెనక్కి జారిపోతుంది.

మెడ అరుగుదల ఉంటే ఇంట్లో చేయకండి. మాట తడబడినా, ఒకటి రెండుగా కనబడినా, చెయ్యి పట్టు తప్పినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.