పాత గేమ్ కన్సోల్‌కి కొత్త కేబుల్

అల్లుడూ,

అటక మీది సూపర్ నింటెండో కిందికి దించావని, దాని కేబుల్ ఎక్కడో తెగిందని మీ అమ్మ చెప్పింది. కొత్తది కొనే ముందు ఇది చదువు.

ముందు టీవీ వెనక్కి వెళ్లి చూడు. పసుపు, ఎరుపు, తెలుపు సాకెట్లుంటే మామూలు కాంపోజిట్ కేబుల్ చాలు. కొన్ని టీవీల్లో పసుపు సాకెట్ విడిగా ఉండదు, పసుపు పిన్నును ఆకుపచ్చ సాకెట్‌లోనే పెట్టాలి. అప్పుడు బొమ్మ నలుపు తెలుపుల్లో వస్తే కేబుల్‌ని తిట్టకు. టీవీ ఇన్‌పుట్ సెట్టింగ్‌ని కాంపోనెంట్ (బొమ్మ మూడు తీగల్లో వచ్చే పద్ధతి) నుంచి కాంపోజిట్‌కి మార్చు, రంగులొస్తాయి.

సూపర్ నింటెండో, నింటెండో 64, గేమ్‌క్యూబ్ మూడింటికీ ఈ కాంపోజిట్ కేబుల్ ఒకటే. ప్లేస్టేషన్ 1, 2, 3లకూ అంతే, వాటిలో వాటికి ఒకటే. కానీ పిన్ను పట్టినంత మాత్రాన బొమ్మ వస్తుందనుకోకు. నేను ఓసారి నింటెండో 64కి ఆర్‌జీబీ స్కార్ట్ కేబుల్ కొన్నాను, అంటే రంగుల్ని విడివిడిగా పంపేది, యూరప్ టీవీల్లో ఉండే 21 పిన్నుల వెడల్పాటి ప్లగ్ ఉన్నది. సరిగ్గా దిగింది, స్క్రీన్ మాత్రం నల్లగా ఉండిపోయింది. కన్సోల్ పోయిందని టెన్షన్ పడి, సాయంత్రమంతా దాన్ని విప్పి కూర్చున్నాను. తీరా చూస్తే, లోపల మార్పులు చేయకపోతే ఆ మెషిన్ ఆర్‌జీబీ ఇవ్వనే ఇవ్వదు!

నీ సూపర్ నింటెండో ఇస్తుంది, అది తర్వాత వచ్చిన చిన్న మోడల్ కాకపోతే. కాంపోజిట్‌లో వెలుగు, రంగు రెండూ ఒకే తీగలో కలిసి వస్తాయి, అందుకే అంచులు చెదిరినట్టుంటాయి. ఎస్-వీడియో అనే ఇంకో రకం కేబుల్‌లో ఆ రెండూ వేరు. ఆర్‌జీబీలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ వేర్వేరు తీగల్లో వస్తాయి, బొమ్మ అద్దంలా ఉంటుంది. అయితే పాల్ (యూరప్ లాంటి చోట్ల టీవీ పద్ధతి) కన్సోల్ ఆర్‌జీబీ కేబుల్, ఎన్‌టీఎస్‌సీ (అమెరికా, జపాన్ పద్ధతి) కన్సోల్ కేబుల్ ఒకటి కావు. ఒకదానిలో రెసిస్టర్లు, రెండోదానిలో కెపాసిటర్లు ఉండాలి. నీది ఏ రకమో చెప్పి కొను. జపాన్ 21 పిన్నుల ప్లగ్ కూడా చూడటానికి అచ్చం స్కార్ట్‌లాగే ఉంటుంది, లోపలి వైరింగ్ మాత్రం వేరు. ఆ రెండిటినీ కలిపితే పరికరాలు పాడయ్యే ప్రమాదం ఉంది.

మరీ సన్నగా, తేలిగ్గా ఉండే కేబుల్ వద్దు. షీల్డింగ్, అంటే బయటి, పక్క తీగల సిగ్నళ్లు చొరబడకుండా ఆపే లోహపు తొడుగు, సరిగా లేకపోతే స్క్రీన్ తెల్లబడినప్పుడల్లా స్పీకర్లో జుయ్‌మంటుంది. ప్రతి సిగ్నల్‌కీ విడిగా కోయాక్సియల్ తీగ (చుట్టూ తన సొంత లోహపు తొడుగు ఉన్న తీగ) ఉందో లేదో అడుగు. బంగారు పూత గురించి పట్టించుకోకు, అది ఎక్కువగా మెరుపే.

టీవీకి హెచ్‌డీఎంఐ మాత్రమే ఉంటే మధ్యలో కన్వర్టర్ తప్పదు. ఈ పాత ఆటలు ఎక్కువగా 240పీలో వస్తాయి, అంటే ప్రతిసారీ 240 గీతల పూర్తి బొమ్మ. చవక కన్వర్టర్ పెట్టెలు దాన్ని 480ఐ (సగం సగం గీతలుగా వచ్చే 480 గీతల బొమ్మ) అనుకుని కలగాపులగం చేస్తాయి. కదిలే బొమ్మ అలుక్కుపోతుంది, బటన్ నొక్కాక గెంతు ఆలస్యమవుతుంది. 240పీని అలాగే గుర్తిస్తుందని స్పష్టంగా రాసి ఉన్నదే తీసుకో. ఆలస్యం తగ్గడానికి టీవీలో గేమ్ మోడ్ ఆన్ చెయ్యి.

ఇంకొకటి, ముందు కన్సోల్ ప్లగ్ తీసేసి, వెనక సాకెట్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడువు. పూర్తిగా ఆరాకే ఆన్ చెయ్యి. ఆర్డర్ పెట్టే ముందు టీవీ వెనక, కన్సోల్ వెనక ఫోటోలు తీసి నాకు పంపు.

మామయ్య