ఒక్క ఇన్నింగ్స్ చూసి పిల్లాడి లెక్క తేల్చేస్తారా?

ప్రశ్న: మేం డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. మా అబ్బాయికి 16 ఏళ్లు, పదకొండో తరగతి. చిన్నప్పటి నుంచీ బేస్‌బాల్‌లో పిచర్, అంటే బంతి వేసేవాడు. ఈ సీజన్‌లో స్కూల్ పెద్ద జట్టు తరఫున మొదటి మ్యాచ్ ఆడాడు. ఒక్కరిని అవుట్ చేశాడు, ఐదుగురిని వాక్ చేశాడు, ఆరు పరుగులిచ్చాడు. ఇన్నింగ్స్ మధ్యలోనే కోచ్ వచ్చి బంతి తీసేసుకున్నాడు. అప్పటి నుంచి సరిగా మాట్లాడటం లేదు. బంతి వేగం పెంచే అకాడమీలో చేర్పించమంటారా, లేక ఆట మాన్పించి కంప్యూటర్ సైన్స్ మీద పెట్టమంటారా? స్కూల్ అయ్యాక నేరుగా డ్రాఫ్ట్‌కి (ప్రొఫెషనల్ జట్లు ఏటా కుర్రాళ్లను ఎంచుకునే పద్ధతి) వెళ్లడం మంచిదా, కాలేజీలో ఆడటమా? పోల్చి చెప్పండి.
- ఒక తండ్రి

జవాబు: పోల్చి చెబుతాను. కానీ ముందు ఒకటి అడగనివ్వండి, కోపం తెచ్చుకోకండి. ఆ మ్యాచ్ లైవ్ లింకు ఎంతమందికి పంపారు?

మీ ఉత్తరం పెద్దది, పైన కుదించి వేశాం. చివర్లో ఒక వాక్యం ఉంది: చుట్టాల గ్రూపులో, స్నేహితుల గ్రూపులో లింకు పెట్టాననీ, మ్యాచ్ అయ్యాక ఒక్కరూ ఏమీ అనలేదనీ. నాకు అసలు ప్రశ్న అక్కడ కనిపించింది. హైదరాబాద్‌లో బ్యాడ్మింటన్ తండ్రులు, విజయవాడలో చెస్ తల్లులు, ఇప్పుడు ఫ్రిస్కోలో మీరు. ఆట మారుతుంది తప్ప ఉత్తరం మారదు. పిల్లాడు ఓడిపోయిన బాధ కొంత, నలుగురి ముందు ఓడిపోయాడన్న బాధ ఇంకాస్త ఎక్కువ. మీ అబ్బాయికి కోచ్ బంతి తీసుకున్నందుకు బాధ ఉంటుంది, నిజమే, కానీ గుంటూరులో తాతయ్య కూడా అది చూశాడని తెలిసినప్పుడు వచ్చే బాధ వేరు, దాన్ని మీరే తెచ్చి పెట్టారు.

బేస్‌బాల్ తెలియనివాళ్ల కోసం నాలుగు మాటలు. ముగ్గురు అవుటైతే ఒక జట్టు ఇన్నింగ్స్ ముగుస్తుంది, పెద్దవాళ్ల మ్యాచ్‌లో ఒక్కో జట్టుకి తొమ్మిది ఇన్నింగ్స్. బంతి బ్యాటర్ ముందున్న స్ట్రయిక్ జోన్ అనే పరిధిలో పడినా, అతను కొట్టబోయి తప్పినా స్ట్రయిక్. మూడు స్ట్రయికులైతే అవుట్, అదే స్ట్రయికౌట్. జోన్ బయట పడ్డ బంతిని బ్యాటర్ వదిలేస్తే అది బాల్, అలా నాలుగు పడితే అతను నడుచుకుంటూ మొదటి బేస్‌కి వెళ్లిపోతాడు, అదే వాక్. మన బౌలర్ వరసగా వైడ్లు వేసినప్పుడు ఉండే అవమానమే, ఇంకాస్త నెమ్మదిగా.

ఇక మీవాడికి జరిగింది ఎవరెవరికి జరిగిందో చూడండి. జపాన్ కుర్రాడు రోకి ససాకి 2022లో, ఇరవయ్యేళ్ల వయసులో, అక్కడి లీగ్‌లో పర్ఫెక్ట్ గేమ్ వేశాడు. అంటే ఒక్క బ్యాటర్‌ని కూడా బేస్ మీదకి రానివ్వలేదు, 19 మందిని స్ట్రయికౌట్ చేశాడు. అలాంటివాడు 2025 మార్చిలో లాస్ ఏంజెలెస్ జట్టు డాడ్జర్స్ తరఫున, అమెరికా అగ్రశ్రేణి మేజర్ లీగ్‌లో మొదటిసారి, అదీ సొంత దేశంలో, టోక్యో డోమ్‌లో బంతి పట్టుకుని మూడు ఇన్నింగ్స్‌లో ఐదుగురిని వాక్ చేశాడు. పది రోజుల తర్వాత లాస్ ఏంజెలెస్‌లో రెండు ఇన్నింగ్స్ కూడా పూర్తి చేయలేదు. డగౌట్‌లో కూర్చున్న అతని తడి కళ్లను కెమెరా ప్రపంచమంతా చూపించింది. తర్వాత భుజం నొప్పితో నెలల తరబడి ఆటకు దూరం. అదే ఏడాది అక్టోబర్‌లో బుల్‌పెన్ నుంచి, అంటే మ్యాచ్ మధ్యలో మార్పు పిచర్‌గా వచ్చి ఆఖరి ఇన్నింగ్స్‌లు వేసి మ్యాచ్‌లు ముగించాడు, జట్టు మేజర్ లీగ్ ఫైనల్ అయిన వరల్డ్ సిరీస్ గెలిచింది.

ఎందుకిలా అవుతుంది? భయం ఒక్కటే కాదు. కొత్త మెట్టు మీద బ్యాటర్లు మారతారు. కింది స్థాయిలో జోన్ బయట పడ్డ బంతిని కూడా పిల్లలు ఆత్రంగా కొట్టబోతారు, పిచర్‌కి ఉచితంగా స్ట్రయికులు వస్తాయి. పైకి వెళ్లాక వాళ్లు వదిలేస్తారు. నిన్నటిదాకా స్ట్రయిక్‌గా లెక్కపడిన బంతే ఇవాళ బాల్ అవుతుంది. దానికి తోడు టెన్షన్‌లో ఒళ్లు తొందరపడుతుంది, చెయ్యి వెనకబడుతుంది, బంతి పైపైకి పోతుంది. పదహారేళ్ల పిల్లాడు పద్దెనిమిదేళ్ల సీనియర్లకు మొదటిసారి బంతి వేస్తే ఇంతకంటే బాగా జరగాలని ఎక్కడా రాసి లేదు.

నాకు బాగా ఇష్టమైన కథ పిచర్ రాయ్ హాలడేది. మొదట్లో బాగానే వేశాడు. 2000లో మాత్రం తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున 10.64 పరుగులు ఇచ్చాడు. అతని జట్టు టొరంటో వాళ్లు 2001లో అతన్ని ఫ్లోరిడాలోని డనీడిన్‌కి, చిన్న లీగుల్లో కింది మెట్టయిన ఎ స్థాయి జట్టుకి దింపేశారు. డిగ్రీ చదువుతున్నవాణ్ణి మళ్లీ హైస్కూల్లో కూర్చోబెట్టినట్టు. అక్కడ మెల్ క్వీన్ అనే కోచ్ చెయ్యి వచ్చే కోణం దగ్గర నుంచీ అన్నీ మార్పించాడు. 2003లో ఏడాది ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు, 2010లో మళ్లీ సై యంగ్, అదే ఏడాది పర్ఫెక్ట్ గేమ్, 2019లో హాల్ ఆఫ్ ఫేమ్. ఆ దిగిపోయిన ఏడాది ఇంట్లోవాళ్లు ఎలా ఉన్నారో నాకు తెలియదు కానీ, వాళ్ల చేతిలో వాట్సాప్ లేకపోవడం అదృష్టమే అనుకుంటాను.

దీనికి ఎదురు కథ డేవిడ్ క్లైడ్‌ది, మీ టెక్సస్‌లోనే. 1973లో హ్యూస్టన్‌లో స్కూలు ముగించిన కొద్ది వారాలకే, 18 ఏళ్లకి, టెక్సస్ రేంజర్స్ జట్టువాళ్లు అతన్ని నేరుగా మేజర్ లీగ్‌లో దించారు, స్టేడియం నిండుతుందని. నిండింది. ఆ రాత్రి గెలిచాడు కూడా. ఏడు వాక్‌లు ఇచ్చినా ఎవరూ పట్టించుకోలేదు, ఎనిమిది స్ట్రయికౌట్లు చూసి మురిసిపోయారు. ఆరేళ్లకి, 24 ఏళ్ల వయసులో, అతని మేజర్ లీగ్ ఆట అయిపోయింది. మొత్తం 18 గెలుపులు. గెలిచిన తొలి మ్యాచే ఆ పిల్లాడికి ఎక్కువ చేటు చేసిందని నేనంటే మీరు అతిశయోక్తి అనొచ్చు.

ఇప్పుడు ఆ అకాడమీ సంగతి. నాకు దీని మీద గట్టి అనుమానాలున్నాయి, దాచుకోను. ఈ మధ్య ఏ తండ్రి రాసినా గంటకి ఎన్ని మైళ్లు అన్న అంకె లేకుండా ఉత్తరం రావడం లేదు. ఇదివరకు ఎంసెట్ ర్యాంకు చెప్పినట్టు చెబుతున్నారు. బరువు బంతులు, రాడార్ గన్, నెలకింత ఫీజు, మూడు నెలల్లో ఐదు మైళ్లు పెంచుతామన్న హామీ. వేగం అక్కర్లేదని నేననను, ఆటగాళ్లను వెతికే స్కౌట్లు మొదట చూసేది అదే. కానీ మీవాడి సమస్య వేగం కాదు కదా, జోన్‌లో పడకపోవడం! ఇంటికి దారి తెలియనివాడికి ఇంకా స్పీడు బండి కొనిపెడతారా? మేజర్ లీగ్ వాళ్లే 2024 డిసెంబర్‌లో పిచర్ల గాయాల మీద నివేదిక ఇచ్చారు, వేగం కోసం పరుగు, ప్రతి బంతికీ ఒంట్లో ఉన్న బలమంతా పెట్టడం ముఖ్య కారణాల్లో ఉన్నాయని. మోచేతి లిగమెంట్ తెగితే టామీ జాన్ ఆపరేషన్, మళ్లీ మ్యాచ్‌లో బంతి వేయడానికి ఏడాది పైనే. కుర్రాళ్ల కోసం మేజర్ లీగ్, యూఎస్ఏ బేస్‌బాల్ కలిసి పెట్టిన పిచ్ స్మార్ట్ పద్ధతి ప్రకారం మీవాడి వయసుకి రోజుకి 95 బంతులు దాటకూడదు, ఏడాదిలో కనీసం నాలుగు నెలలు పిచింగ్‌కి సెలవు. మీరు రాసిన దాన్నిబట్టి స్కూల్ జట్టు, ఊరూరా తిరిగి ఆడే ట్రావెల్ జట్టు, స్కౌట్ల ముందు ఆడి చూపించే షోకేసులు కలిపి ఆ అబ్బాయికి డిసెంబర్ ఒక్కటే ఖాళీ. దానిలోకి అకాడమీ దూరుస్తానంటున్నారు. చేర్పించకండి.

ఆట మాన్పించడం గురించి: మాన్పిస్తే కంప్యూటర్ సైన్స్ దానంతటదే వస్తుందని ఎవరు చెప్పారు? సీఎస్ చదివి మొదటి ఉద్యోగం కోసం తిరుగుతున్న పిల్లల తల్లిదండ్రుల ఉత్తరాలు కూడా నా దగ్గరే ఉన్నాయి. అది శిక్షగా ఇచ్చే సబ్జెక్టు కాదండీ. అతనికి ఇష్టముంటే ఆడుతూనే చదువుతాడు.

ఇక పోలిక. నిజానికి చెప్పడానికి పెద్దగా లేదు. డ్రాఫ్ట్ ఇప్పుడు 20 రౌండ్లే. స్కూల్ నుంచి తీసుకున్నవాళ్లలో పెద్ద సైనింగ్ బోనస్ వచ్చేది పైన ఉన్న కొద్దిమందికి, మిగిలినవాళ్లు ఏళ్ల తరబడి చిన్న లీగుల్లో చిన్న జీతానికి బస్సుల్లో తిరుగుతారు. నాలుగేళ్ల కాలేజీలో చేరితే మూడో ఏడాది తర్వాత, లేదా 21 నిండాక మళ్లీ డ్రాఫ్ట్‌కి అర్హత వస్తుంది. పిచర్ కుమార్ రాకర్ తెలుసుగా, వాళ్ల అమ్మగారి తల్లిదండ్రులు ఇండియా నుంచి వెళ్లినవాళ్లే. 2018లో స్కూల్ నుంచి 38వ రౌండ్‌లో పిలిస్తే వెళ్లలేదు, వాండర్‌బిల్ట్ యూనివర్సిటీలో చేరాడు, మొదటి ఏడాదే డ్యూక్ యూనివర్సిటీ మీద 19 స్ట్రయికౌట్లతో నో హిట్టర్ (ఎవరూ బంతిని కొట్టి బేస్ చేరలేని మ్యాచ్) వేశాడు. 2021 డ్రాఫ్ట్‌లో మెట్స్ జట్టు ఎంచుకుని, వైద్య పరీక్షల తర్వాత ఒప్పందం చేసుకోలేదు. మరుసటి ఏడాది రేంజర్స్ మూడో స్థానంలో తీసుకున్నారు. 2023లో టామీ జాన్. 2024 సెప్టెంబర్‌లో సియాటిల్‌లో తొలి మేజర్ లీగ్ మ్యాచ్, నాలుగు ఇన్నింగ్స్, ఏడు స్ట్రయికౌట్లు, అందరూ పొగిడారు. 2025లో తడబడితే మళ్లీ మేజర్ లీగ్‌కి ఒక మెట్టు కింద ఉన్న ట్రిపుల్ ఎకి పంపారు. అతని దారిలో ఎక్కడ ఆపి లెక్క తీసినా తప్పు జవాబే వచ్చేది. మీవాడికి కాలేజీయే నా ఓటు. అదీ ఇప్పుడు తేల్చుకోవాల్సిన అవసరం లేదు, ఇంకా ఏడాదిన్నర ఉంది.

ఈ వారం మాత్రం చెయ్యండి. ఆ మ్యాచ్ గురించి మీరు మొదలుపెట్టకండి. కోచ్‌కి మీరు మెయిల్ రాయకండి, అడగాల్సింది ఉంటే అబ్బాయే అడుగుతాడు. రేంజర్స్ వాళ్ల డబుల్ ఎ (ఇంకో మెట్టు కింది) జట్టు రఫ్‌రైడర్స్ మీ ఊళ్లోనే ఆడుతుంది, రాకర్ కూడా అక్కడ బంతి వేసి వెళ్లాడు. రెండు టికెట్లు తీసుకుని ఇద్దరే వెళ్లండి. జీతం తీసుకుని ఆడే పిచర్లు ఎన్ని వాక్‌లు ఇస్తారో అతన్నే లెక్కపెట్టనివ్వండి. మీ ఫోన్ కార్లో వదిలేయండి.